కంప్యూటరంటే ఆడమనిషి

పోయిన నెల ఒక ఆదివారం మా ఇంట్లో తొమ్మిది మందిమి కూర్చుని సినిమా చూసాం. అందరం అచ్యుతాపురం సెజ్‌లో పని చేసీ ఆడోళ్ళమే, లేదంటే ఒకప్పుడు చేసినోళ్ళం. వారానికి దొరికీది ఆ ఒక్క రోజు. ఆ రోజే బట్టలు ఉతుక్కోవాల, సంతకెళ్ళాల, పిల్లల తలకి నూనె రాయాల. అయినా వచ్చారు. నా పాత లేప్‌టాప్‌లో 2016లో వచ్చిన 'హిడెన్ ఫిగర్స్' పెట్టాను. ఇంగ్లీషు సినిమా. మధ్యమధ్యన ఆపి, నాకర్థమయింది నేను చెప్తన్నాను. పావుగంట అవ్వకముందే మా వీధి అప్ప ఒకావిడ అడిగీసింది: "ఏటే, కంప్యూటరంటే మిషను కాదేటి? ఆ ఆడోళ్ళని పట్టుకుని కంప్యూటర్లంతన్నారేటి?"

ఆ రోజు ఆవిడకి సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం కోసం చదివాను. నేను పదో తరగతితో ఆగిపోయిన మనిషిని, ఇంగ్లీషు పుస్తకం చదవాలంటే పక్కన డిక్షనరీ ఉండాల. ఆలస్యమయింది, ఏటనుకోకండి.

కంప్యూట్ అంటే లెక్క కట్టడం. కంప్యూటరంటే లెక్క కట్టీ మనిషి. మిషన్లు రాకముందు అదొక ఉద్యోగం పేరు, టైలరు, డ్రైవరు లాగ. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో హేంప్టన్ అని సముద్రం పక్క ఊరు. అక్కడ లేంగ్లీ అనే విమానాల పరిశోధనశాల ఉన్నాది. దాన్ని నడిపిన ప్రభుత్వ సంస్థ పేరు అప్పట్లో నాకా. 1958లో అదే నాసా అయింది. అక్కడ గాలి సొరంగాలు ఉండీవి. విమానం నమూనాని గొట్టంలాంటి గదిలో బిగించి, దాని మీదకి జోరుగా గాలి వదుల్తారు. రెక్క మీద ఎక్కడ ఎంత ఒత్తిడి పడతందో కొలుస్తారు. ఒక్కో పరీక్షకి గుట్టలకొద్దీ అంకెలు. ఇంజనీర్లు అవి కూడుకుంటా కూర్చుంటే పని సాగదనీసి, 1935లో అయిదుగురు తెల్లజాతి ఆడోళ్ళని తెచ్చి ఆ లెక్కలు అప్పజెప్పారు. ఆళ్ళు చకచకా, తప్పుల్లేకుండా చేసీసరికి ఇంజనీర్లకి ప్రాణం లేచొచ్చింది. పైగా మగోళ్ళకిచ్చినంత ఇవ్వక్కర్లేదు.

"ఆడోళ్ళకి ఓపికెక్కువ, సన్న పని శుబ్బరంగా చేస్తారు" అన్న మాట మా కుట్టు లైన్లలో కూడా వింటాం. ఎవరైనా మీ ఓపికని పొగిడితే జీతం ఎంతో అడగండి.

ఇప్పుడు సినిమాలో లేని ఒక మనిషి గురించి చెప్పాల. సినిమాలో ముగ్గురు నల్లజాతి స్నేహితురాళ్ళు కారులో ఆఫీసుకెళ్తంటారు. అసలు నల్లోళ్ళని ఆ గేటు లోపలికి ఎవరు రానిచ్చారు? వర్జీనియాలో బడి వేరు, బస్సులో సీటు వేరు, నీళ్ళ కొళాయి వేరు. అలాంటి చోట ప్రభుత్వానికి ఒక్కసారిగా మంచి బుద్ధి పుట్టిందా? పుట్టలేదు. ఏ. ఫిలిప్ రేండాల్ఫ్ అని ఒకాయన. రైళ్ళలో పడక బోగీల పోర్టర్ల యూనియన్ నాయకుడు. ఆ పోర్టర్లంటే ప్రయాణికుల పక్కలు పరిచి, పెట్టెలు మోసి, బూట్లు తుడిచీవోళ్ళు. దాదాపు అందరూ నల్లోళ్ళే. యుద్ధం సామాను తయారుచేసీ ఫ్యాక్టరీల్లో మావోళ్ళకి ఉద్యోగాలు ఇవ్వకపోతే వేల మందిమి వాషింగ్టన్ మీదకి నడిచొస్తామని ఆయన చెప్పాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పిలిచి ఆపమన్నా ఉత్తి మాటకి ఆగలేదు. 1941 జూన్ 25న రూజ్‌వెల్ట్ 8802 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. రక్షణ పరిశ్రమల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో జాతి చూసి తిప్పి పంపకూడదని దాని సారం. అప్పుడు గానీ ఆ మార్చ్ ఆగలేదు. 1943లో లేంగ్లీ గేటు నల్లజాతి ఆడోళ్ళకి తెరుచుకున్నాది.

రాకెట్టు లెక్కల వెనక రైలు పోర్టర్ల యూనియన్ ఉన్నాదని నేను చెప్తే ఆ రోజు మా ఇంట్లో ఎవరూ మాటాడలేదు. నాకు తెల్సిన ఆడోళ్ళు యూనియనన్న మాట ఎత్తితే ముందు తలుపు వైపు చూస్తారు.

ఆ ఏడాది డిసెంబరులో చేరినావిడ డొరొతీ వాన్. అప్పటికి 33 ఏళ్ళు, నలుగురు పిల్లలు. ఫార్మ్‌విల్ అనే ఊళ్ళో నల్ల పిల్లల బడిలో లెక్కల టీచరు. ఆ బడి జీతం ఏడాదికి 850 డాలర్లు. అది చాలక ఎండాకాలం సెలవుల్లో మిలిటరీ శిబిరం లాండ్రీలో గంటకి 40 సెంట్లకి సైనికుల బట్టల పని చేసింది. డిగ్రీ చదివిన లెక్కల టీచరు! లేంగ్లీలో ఏడాదికి 2000 డాలర్లు అనీసరికి పిల్లల్ని పెద్దోళ్ళ దగ్గర వదిలీసి, వేరే ఊళ్ళో అద్దెగదిలో ఉండి పనికెళ్ళింది. శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ వచ్చి మా దగ్గర హాస్టళ్ళలో ఉంటన్న తల్లులకి ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

లోపలికి రానిచ్చారు గానీ కలవనివ్వలేదు. నల్లజాతి ఆడోళ్ళకి వేరే విభాగం, వెస్ట్ కంప్యూటింగ్ అని పేరు. బాత్రూము వేరు. కేంటీన్లో వెనకాల ఒక బల్ల, దాని మీద 'కలర్డ్ కంప్యూటర్లు' అని అట్టముక్క. నల్లోళ్ళని అప్పట్లో అలాగ రాసీవోరు. మన టీ బడ్డీల్లో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినోళ్ళకి ఆ అట్టముక్క ఏటో తెల్సు. మిరియమ్ మేన్ అనే ఆవిడ ఒకరోజు దాన్ని తీసి బేగులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది. మర్నాడు కొత్తది పెట్టారు. అదీ తీసింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీసింది. చివరికి పెట్టీవోళ్ళే విసిగిపోయి మానీసారు. సినిమాలో పెద్ద ఆఫీసరు సుత్తి పట్టుకుని బాత్రూము బోర్డు విరగ్గొట్టీ సీనుకి మావోళ్ళు చప్పట్లు కొట్టారు. అది కథ కోసం కల్పించింది. నిజంగా జరిగింది ఈ అట్టముక్కే, తీసింది ఆ బల్ల దగ్గర కూర్చున్న ఆడమనిషే. సినిమావోళ్ళకి ఇదెందుకు సరిపోలేదో నాకు తెలీదు.

1949లో డొరొతీ ఆ విభాగానికి పెద్దయింది. ఆ సంస్థలో మొదటి నల్లజాతి సూపర్‌వైజరు ఆవిడే. అదీ తాత్కాలికంగా. ఆ తాత్కాలికం అన్న ముక్క తీసీడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

కేథరీన్ జాన్సన్ సంగతి కొంచెం నిదానంగా చెప్తాను. లెక్క అంటే ఏటో ఇక్కడే ఉన్నాది. 1918లో వెస్ట్ వర్జీనియాలో చిన్న ఊళ్ళో పుట్టింది. ఆ ఊళ్ళో నల్ల పిల్లలకి ఎనిమిదో తరగతి దాటితే బడి లేదు. అమ్మానాన్నా నలుగురు పిల్లల చదువు కోసం సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఇల్లు అద్దెకి తీసుకున్నారు. ఆవిడ 18 ఏళ్ళకే కాలేజీ పూర్తి చేసింది. కాలేజీలో క్లేటర్ అనే నల్లజాతి గణిత ప్రొఫెసరు, నువ్వు పరిశోధనకి పనికొస్తావనీసి, ఆవిడ కోసమే ఒక పాఠం పెట్టి చెప్పాడట. అయినా చాన్నాళ్ళు టీచరు పనే చేసింది. 1953లో లేంగ్లీకి వచ్చింది. రెండు వారాలకే విమాన పరిశోధన విభాగానికి అరువు పంపారు. ఆళ్ళు మరి వెనక్కివ్వలేదు.

అక్కడ ఇంజనీర్ల మీటింగులు జరిగీవి. లెక్కలు ఆవిడవి, మీటింగు ఆళ్ళది. నేనూ వస్తానంది. ఆడోళ్ళు రారన్నారు. రాకూడదని చట్టమేదైనా ఉందా అని అడిగింది. లేదు. అలాగ అడగ్గా అడగ్గా ఒకరోజు లోపలికి రానిచ్చారు.

ఇంతకీ ఆ లెక్కేటి? రాకెట్టు ఇంజను కొన్ని నిమిషాలే మండుతాది. అది ఆరిపోయిన క్షణంలో ఎంత ఎత్తులో ఉంది, ఎంత జోరులో ఉంది, ఏ దిక్కుకి మూతి పెట్టి ఉంది, ఈ మూడింటి బట్టే తరవాత దారంతా ఉంటాది. మా పూడిమడక వేటగాళ్ళు పడవని ఒడ్డుకి తెచ్చినప్పుడు చూడండి. నీరు ఎటు లాగుతందో చూసుకుని, చేరాల్సిన చోటుకి సూటిగా కాకుండా కొంచెం ఎగువకి గురిపెడతారు. ఇక్కడ చిక్కేటంటే ఒడ్డే కదుల్తాది. ఆ కాలం వ్యోమనౌక భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగీసరికి గంటన్నర కంటే కాస్త తక్కువ పట్టీది. ఆ లోపల కింద భూమి దగ్గర దగ్గర 22 డిగ్రీలు తిరిగిపోతాది. భూమధ్యరేఖ దగ్గర అది 2400 కిలోమీటర్ల పైమాటే. విశాఖ నుంచి ఢిల్లీ గాలి దారిన అందులో సగం పైచిలుకు. పైగా భూమి నిఖార్సయిన బంతి కాదు, నడుం దగ్గర కాస్త ఉబ్బుగా ఉంటాది. ఆ ఉబ్బు నౌక దారిని కొంచెం కొంచెం తిప్పుతాది. అదీ లెక్కలోకి రావాల. కేథరీన్ చేసిందేటంటే, లెక్కని దిగీ చోటు నుంచి మొదలెట్టి వెనక్కి కట్టడం. మనిషి సముద్రంలో ఫలానా చోట దిగాల, ఓడలు అక్కడ సిద్ధంగా ఉంటాయి, అలాగైతే ఇంజను ఆరీ క్షణంలో రాకెట్టు ఏ దిక్కుకి చూస్తండాల? తప్పితే ఓడ ఒక దగ్గర, మనిషి ఒక దగ్గర.

ఈ లెక్క 1960లో రిపోర్టుగా వచ్చింది. ఆవిడతో పని చేసిన స్కోపిన్‌స్కీ అనే తెల్ల ఇంజనీరు వేరే చోటికి మారిపోతా, రిపోర్టు కేథరీనే పూర్తి చెయ్యాల, పనిలో ఎక్కువ భాగం ఆవిడదే అని పట్టుబట్టాడు. అలాగ ఇద్దరి పేర్లూ పడ్డాయి. ఆ విభాగంలో ఒక రిపోర్టు మీద ఆడమనిషి పేరు పడడం అదే మొదటిసారి. అంతకుముందు అక్కడ ఆడోళ్ళు లెక్కలు కట్టలేదా? కట్టారు. పేరు పైనోళ్ళది పడీది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకుంటాను. ఏళ్ళ కిందట నేను ఒక బట్టల కంపెనీలో లైన్ రైటరుగా చేసాను. గంట గంటకీ ఎన్ని పీసులు దిగాయో రాసి, బోర్డు మీద వెయ్యడం నా పని. మా లైను ఎప్పుడూ టార్గెట్టుకి 40, 50 పీసులు తక్కువే. రోజూ అరుపులే. ఆపరేటర్లు బద్దకిస్తన్నారని మాట. నేను ఇంటికి అంకెలు ఎత్తుకొచ్చి మూడు వారాలు నా నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్కో మిషను దగ్గర ఎంతసేపు కట్టలు ఆగుతన్నాయో చూసాను. అందరూ బాగానే కుడతన్నారు. కాలరు అతికించీ ఒక్క మిషను దగ్గర ఆగిపోతంది, ఆ పని ఇద్దరిది, కూర్చోబెట్టింది ఒకర్ని. సూపర్‌వైజరుకి చూపించాను. రెండ్రోజులు చూసి ఇంకో మనిషిని వేసాడు. వారంలో లైను టార్గెట్టు కొట్టింది. పైన మీటింగు పెట్టి ఆయనకి మెచ్చుకోలు సర్టిఫికెట్టు ఇచ్చారు. నా నోటుబుక్కు ఆయన టేబుల్ మీదే ఉండిపోయింది, మళ్ళీ నా చేతికి రాలేదు. మీటింగుకి నేనూ వస్తానని అడగాలని నాకు తట్టనే లేదు. చట్టం లేదు, ఎవరూ ఆపలేదు, నేనే అడగలేదు. కేథరీన్ కథ చదివినప్పుడు నన్ను గుచ్చింది అదే.

1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగిన మొదటి అమెరికన్ అయ్యాడు. అప్పటికి ఐబీఎం 7090 మిషను వచ్చీసింది, దారి లెక్క అదే కట్టింది. గ్లెన్‌కి మిషను మీద పూర్తి నమ్మకం లేదు. ఆ అమ్మాయి చేత చేతి మీద లెక్క కట్టించండి, ఆవిడ సరే అంటే నేను సిద్ధం అన్నాడు. ఆ 'అమ్మాయి'కి అప్పుడు 43 ఏళ్ళు, ముగ్గురు ఆడపిల్లల తల్లి. దగ్గర దగ్గర నా వయసు. బల్ల మీద మీటలు నొక్కీ కేలిక్యులేటరు పెట్టుకుని, పదకొండు రకాల ఫలితాలు, ఒక్కోటీ ఎనిమిదేసి అంకెల వరకూ కట్టింది. రోజున్నర పట్టింది. మిషను లెక్కా ఆవిడ లెక్కా కలిసాయి. గ్లెన్ మూడు చుట్లు తిరిగి సముద్రంలో దిగాడు. పేపర్లలో ఆయన ఫోటోలు నిండిపోయాయి.

మేరీ జాక్సన్ దారి వేరు. హేంప్టన్ ఊరి మనిషే. 1951లో కంప్యూటరుగా చేరి, పెద్ద గాలి సొరంగం దగ్గర పనికి మారింది. ఇంజనీరు అవ్వాలంటే కొన్ని పాఠాలు చదవాల, ఆ పాఠాలు చెప్పీది తెల్లపిల్లల హైస్కూల్లో. అందులోకి అడుగు పెట్టడానికి ఊరి ప్రభుత్వాన్ని అనుమతి అడిగి తెచ్చుకుంది. 1958లో నాసాకి మొదటి నల్లజాతి మహిళా ఇంజనీరు అయింది. సినిమా అక్కడితో సంతోషంగా ఆగిపోతాది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు చేసినా పై మెట్టుకి ఎక్కనివ్వలేదు. 1979లో ఆవిడే హోదా తగ్గించుకుని, సంస్థలో ఆడోళ్ళ ఉద్యోగాలు, ప్రమోషన్లు చూసీ పనికి మారింది. తనకి పైన దారి మూసుకుపోతే వెనకొచ్చీవోళ్ళకి తలుపు పట్టుకుని నిలబడింది. నాకైతే ముగ్గురిలో ఈవిడంటేనే ఎక్కువ ఇష్టం. 2020లో వాషింగ్టన్‌లో నాసా పెద్దాఫీసుకి ఆవిడ పేరు పెడుతున్నామని చెప్పారు. ఆవిడ పోయింది 2005లో.

మిషన్లొచ్చాక చేతి లెక్కల పని పోతాదని డొరొతీకి ముందే తెల్సు. తాను ఫోర్ట్రాన్ అనే మిషను భాష నేర్చుకుంది, మిగతావోళ్ళకీ నేర్పింది. 1958లో వేరు విభాగం ఎత్తేసినప్పుడు ఆవిడ సూపర్‌వైజరు కుర్చీ కూడా పోయింది, మళ్ళీ అలాంటిది దక్కలేదు. క్లీవ్‌లేండ్ కేంద్రంలో ఏనీ ఈస్లీ అని ఇంకొకావిడ కంప్యూటరుగా చేరి ప్రోగ్రామరు అయింది. అందరితో కలిసి తీయించుకున్న ఫోటోని సందర్శకుల కోసం పెద్దది చేసి పెట్టినప్పుడు ఆవిడ ముఖం మటుకు కత్తిరించీసారట. పేరు పడకపోవడం ఒకెత్తు, పడిన బొమ్మని కోసీడం ఇంకోటి.

మరి మన దగ్గరో? డొరొతీ లేంగ్లీలో చేరిన 1943లోనే మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఒక తెలుగావిడ చదువు పూర్తి చేసింది. అయ్యలసోమయాజుల లలిత. 15 ఏళ్ళకి పెళ్ళి, 18 ఏళ్ళకి భర్త పోయారు, చేతిలో నెలల పాప. విధవంటే మూల కూర్చోవాల్సిన రోజులు. ఆవిడ 1940లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరింది. మన దేశంలో మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరు. డిగ్రీ కాగితం మీద 'అతడు' అని ముందే అచ్చేసి ఉంది. ఆడమనిషి వస్తాదని ఎవరూ అనుకోలేదు కదా. దాన్ని కొట్టేసి 'ఆమె' అని రాసిచ్చారు. తరవాత కలకత్తాలో ఉద్యోగం చేస్తా భాక్రా నంగల్ డేము కరెంటు లైన్లకి, సబ్‌స్టేషన్లకి డిజైన్లు వేసింది. 1979లో పోయింది. మా బడి పుస్తకంలో నేను ఆవిడ పేరు చూడలేదు. మీరు చూసారా?

ఒకటి దాచకూడదు. లలిత నాన్న అదే కాలేజీలో ప్రొఫెసరు. పెద్దకులం, చదువున్న ఇల్లు. వైధవ్యం ఆవిడని వెనక్కి లాగింది గానీ కులం లాగలేదు. లేంగ్లీలో ఆడోళ్ళకి రెండు తలుపులు, ఆడమనిషి అని ఒకటి, నల్లమనిషి అని ఇంకోటి. మన దగ్గర ఆ రెండో తలుపు పేరు కులం. రాకెట్ల మాటొస్తే శ్రీహరికోట చెప్పాల. 1971 అక్టోబరు 9న అక్కడ నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. అంతకుముందు ఆ దీవి యానాదుల ఇల్లు. దుంపలు, తేనె, చేపలు, ఆ అడివీ ఆ నీళ్ళూ ఆళ్ళ బతుకు. కేంద్రం కోసం ఆళ్ళని లేపీసారు. ఏ చెట్టు ఎక్కడుందో, ఏ నెలలో ఏ మడుగులో చేప దొరుకుతాదో ఆళ్ళ ఆడోళ్ళకి కంఠతా ఉండే లెక్క. అది ఎవరి రిపోర్టులోకీ ఎక్కలేదు. సెజ్ కోసం భూములు పోయిన మండలంలో ఉంటన్నదాన్ని, నేను అక్కడ నుంచి ఎగిరీ ప్రతి రాకెట్టునీ టీవీలో చూస్తాను, సంతోషపడతాను, ఆళ్ళూ గుర్తొస్తారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు డిప్యూటీ ప్రాజెక్టు డైరెక్టరు కల్పన మైకు ముందుకొచ్చి మాటాడితే మా వీధి ఆడపిల్లలు కేకలేసారు. మన చిత్తూరు వైపు మనిషి. ఆ పిల్లల్లో ఒక యానాది పిల్ల మైకు ముందుకి రావాలంటే ఏ యూనియన్ ఎవర్ని బెదిరించాలో అని నేను అనుకుంటన్నాను.

సినిమా అయ్యాక టీ తాగతా చాలాసేపు మాటాడుకున్నాం. కంప్యూటరు సంగతి అడిగిన అప్ప ఇప్పుడు ఒక లైన్లో రైటరే, నేను ఒకప్పుడు చేసిన పనే. మొన్న సోమవారం షిఫ్టు బస్సులోంచి ఫోను చేసింది.

"గంటల షీటు కింద నా పేరు రాసీసేనే."

"ఏటన్నారు?"

"ఇంకా ఏటన్నేదు. సాయంత్రం దాకా అలాగే ఉన్నాది."